తాళం తిప్పే ముందు: ఒక బాబ్‌క్యాట్ పాఠం

మన క్లబ్ పత్రికలో ఎక్కువగా కవితలు, కథలు, పుస్తకాల మీద వ్యాసాలు వస్తుంటాయి. ఇది మాత్రం ఒక బండి మీద వ్యాసం. తెలుగు క్లబ్బుకు బండితో ఏం పని అని అడగొచ్చు. ఉంది. ఆ బండితో పాటు వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, దాన్ని నడిపే మనిషి రోజంతా తెలుగులో మాట్లాడతాడు, కొంచెం హిందీలో. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలో కాళ్ళు నలగొచ్చు, ప్రాణాలూ పోవచ్చు.

బేగం బజార్‌లో మా పెదనాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. సెలవుల్లో స్టాకు లెక్కలు కంప్యూటర్లో ఎక్కించడానికి పోతుంటాను. మొన్న ఎండాకాలంలో పక్క సందులో ఒక పాత ఇల్లు కూల్చారు. ఆ మట్టి, రాళ్ళు ఎత్తడానికి మూడు వారాలు ఒక బాబ్‌క్యాట్ వచ్చింది. దుకాణాలు తెరవకముందే, తెల్లవారుజామున పని. ఆపరేటర్ పాలమూరు వైపు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఈ పాఠంలో సగం ఆయన చెప్పింది, సగం నేను మాన్యువల్ చదివి తెలుసుకున్నది.

ముందు బండి సంగతి. మనం పసుపు రంగులో కనిపించే ప్రతి తవ్వే బండినీ జేసీబీ అంటాం. అది నిజానికి ఇంగ్లండులో 1945లో కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని పొడి అక్షరాలు. అలాగే ఈ చిన్న లోడరు ఏ కంపెనీదైనా సరే, మనవాళ్ళకు అది బాబ్‌క్యాట్టే. దాని అసలు రకం పేరు స్కిడ్ స్టీర్ లోడర్. పుట్టింది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో. లూయిస్ కెల్లర్, సిరిల్ కెల్లర్ అని ఇద్దరు అన్నదమ్ములు (ఇక్కడా ఒక సిరిల్ ఉన్నాడు, గమనించారా) 1957లో ఒక టర్కీ కోళ్ళ రైతు కోసం తయారు చేశారు. ఆ రైతు కొట్టంలో స్తంభాల మధ్య తిరిగి పెంట ఎత్తేంత చిన్న బండి ఎక్కడా దొరకలేదు. తర్వాత మెల్రో అనే కంపెనీ ఆ డిజైను తీసుకుని 1960లో నాలుగు చక్రాల బండి చేసింది. 1962 నుంచి బాబ్‌క్యాట్ పేరు. కోళ్ళ కొట్టంలో స్తంభాల మధ్య తిరగడానికి పుట్టిన బండి కాబట్టే అది బేగం బజార్ సందులకు అంత బాగా సరిపోయింది.

నిజాం అలీ ఖాన్ భార్య హుమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన జాగాలో వెలిసిన బజారు ఇది, పేరూ అలా వచ్చిందే. అప్పటి సందులు ఎడ్లబండ్లకూ, మనుషులకూ వేసినవి. ఇప్పుడు వాటిలోనే ట్రాలీ ఆటోలు, తోపుడు బండ్లు, మూటలు మోసే హమాలీలు, మా అమ్మలాంటి బేరమాడే జనం. బ్యాక్‌హో లోడరు ఏడు టన్నులకు పైగా ఉంటుంది, రెండు మీటర్లు దాటిన వెడల్పు. చిన్న సైజు బాబ్‌క్యాట్ రెండు టన్నులు దాటి ఉంటుంది, వెడల్పు సుమారు ఒకటిన్నర మీటరు. ఫీల్‌ఖానా వైపు సందులు చూసినవాళ్ళకు ఈ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, మన రోబోటిక్స్ క్లబ్ వాళ్ళకు నచ్చుతుంది. ఈ బండికి స్టీరింగు లేదు. చక్రాలు కారు చక్రాల్లా పక్కకు తిరగవు. ఎడమ పక్క రెండు చక్రాలు ఒక జట్టు, కుడి పక్క రెండు ఇంకో జట్టు. ఒక జట్టు వేగంగా, ఇంకోటి మెల్లగా తిరిగితే బండి తిరుగుతుంది. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పితే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. మనం ఫస్టియర్‌లో చేసిన లైన్ ఫాలోయర్ బొమ్మ కూడా ఇదే సూత్రం. కాకపోతే ఆ బొమ్మ అరకిలో, ఇది రెండు టన్నులు. తిరిగిన ప్రతిసారీ టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతాయి. అందుకే ఇక్కడ టైర్ల గురించి శ్రద్ధ ఎక్కువ కావాలి.

మొదటి రోజు నేను పోయేసరికి ఆయన బండి చుట్టూ తిరుగుతున్నాడు. ఎక్కి స్టార్ట్ చేయడేంటా అని చూస్తున్నా. అడిగితే, "ఇది మొబైలా తమ్మీ, బటన్ ఒత్తంగనే నడువనీకి? రాత్రంత నిలవడ్డది. ఏం తాగిందో, ఏం కార్చిందో చూడొద్దా?" అన్నాడు.

ఈ చుట్టూ తిరగడమే మొత్తం పాఠం. పది నిమిషాలు పడుతుంది. ఇంజిను చల్లగా ఉండాలి, బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి, చేతులు పూర్తిగా దించి ఉండాలి, తాళం చెవి జేబులో ఉండాలి. (లోడరు ముందు బకెట్‌ను మోసే రెండు ఇనుప దూలాలను చేతులు అంటున్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.)

ముందు కింద చూడాలి, పైన కాదు. బండి కింద నేల మీద మరక ఉందా? నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిలు కావచ్చు. పల్చగా, రంగు నీళ్ళలా ఉంటే కూలెంటు. జిగటగా, తేటగా ఉంటే హైడ్రాలిక్ ఆయిలు అని అనుమానించాలి. బేగం బజార్‌లో ఇంకో తిప్పలుంది, నేల మీద అప్పటికే ఏదో ఒక నూనె ఉంటుంది. అందుకని ఆయన రాత్రి బండి పెట్టేటప్పుడే కింద ఒక పెద్ద అట్టముక్క పరిచేవాడు. పొద్దున అట్ట మీద చుక్క ఉంటే అది తన బండిదే. ఇది ఏ మాన్యువల్‌లోనూ నేను చదవలేదు.

అట్టముక్కకు ఇంకో పని ఉంది, అది మాత్రం మాన్యువల్‌లో పెద్ద అక్షరాల్లో ఉంది. హైడ్రాలిక్ పైపు ఎక్కడ కారుతోందో వెతకడానికి చెయ్యి పెట్టకూడదు. నేను ఒకసారి పైపు మీద తడి చూసి వేలు చాపబోతే ఆయన నా మణికట్టు పట్టుకుని పక్కకు లాగాడు. "చెయ్యి వెట్టకు. అట్ట వెట్టు. నూనె సూది లెక్క లోపటికి పోతది." అతిశయోక్తి కాదు. కారు టైరులో గాలి సుమారు 2 బార్ ఉంటుంది. పనిచేసేటప్పుడు ఈ పైపుల్లో 200 బార్ దాకా ఉంటుంది, అంటే వంద రెట్లు. కంటికి కనిపించనంత సన్నని చిల్లు లోంచి వచ్చే ఆ నూనె ధార చర్మాన్ని దాటి లోపలికి పోతుంది. పైకి గుండుసూది గుచ్చినట్టు చిన్న చుక్క, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల కండ పాడవుతూ ఉంటుంది. ఇంటికి పోయి పసుపు పెట్టుకునే గాయం కాదది. గంటల్లో ఆపరేషన్ కావాలి, డాక్టరుకు "హైడ్రాలిక్ నూనె లోపలికి పోయింది" అని మొదటి మాటగా చెప్పాలి. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది.

నూనెల లెవెళ్ళు చూడటం అందరికీ తెలిసిందే అనిపిస్తుంది, కానీ ప్రతి దానికీ ఒక షరతు ఉంది. హైడ్రాలిక్ ఆయిలు చేతులు దించి ఉన్నప్పుడే చూడాలి. ఎందుకంటే చేతులు ఎత్తి ఉంటే ట్యాంకులో ఉండాల్సిన నూనె కొంత సిలిండర్లలో ఉంటుంది. ట్యాంకు తక్కువ చూపిస్తుంది. పాపం అని పోస్తే, చేతులు దించగానే ట్యాంకు పొంగుతుంది. కూలెంటు మూత వేడిగా ఉన్నప్పుడు తిప్పితే ముఖం మీదికి ఆవిరి కొడుతుంది. కాబట్టి పొద్దున్నే, పక్కనున్న చిన్న ట్యాంకులో గీత చూస్తే చాలు. డీజిల్ ఫిల్టరు కింద నీళ్ళు వదిలే చిన్న మర ఉంటుంది, దాన్ని విప్పి అడుగున చేరిన నీళ్ళు వదిలేయాలి.

ఎయిర్ ఫిల్టరు దగ్గర నాకు ఆశ్చర్యం కలిగింది. బజారులో దుమ్ము ఎక్కువ కదా, రోజూ ఫిల్టరు తీసి దులపాలి అనుకుంటాం. తప్పంట. తీసిన ప్రతిసారీ బయటి దుమ్ము శుభ్రంగా ఉండాల్సిన లోపలి వైపు పడుతుంది. నేలకేసి కొడితే కాగితం మడతలు చిరుగుతాయి, అది కంటికి కనిపించదు, ఇంజినుకు తెలుస్తుంది. ఫిల్టరు ఎంత మూసుకుపోయిందో చూపించే ఇండికేటరు ఒకటుంటుంది. అది ఎర్రగా చూపిస్తే అప్పుడు మార్చాలి. రోజూ చేయాల్సింది ఏంటంటే, డబ్బా కింద రబ్బరు మూతి ఉన్న బండ్లలో దాన్ని ఒకసారి నొక్కి దుమ్ము రాల్చడం.

రేడియేటరు సంగతి వేరు, దాన్ని ఇక్కడ రోజూ చూడాల్సిందే. గోనెసంచుల పీచు, పాలిథిన్ కవర్లు, థర్మోకోల్ ముక్కలు, అన్నీ ఫ్యాను లాగేసుకుంటుంది. ఒక కవరు అడ్డంగా అంటుకుంటే చాలు, మే నెల ఎండలో పది గంటలకల్లా వేడి గంట మోగుతుంది. గాలి కొట్టేటప్పుడు దుమ్ము వచ్చిన దారికి ఎదురుగా కొట్టాలి, లేకపోతే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. చక్రాల ఇరుసులకు చుట్టుకున్న సుతిలీ తాడు, ప్యాకింగు పట్టీలు కూడా తీయాలి. అవి తిరిగి తిరిగి నూనె సీలును కోసేస్తాయి. ఆయన దగ్గర దీని కోసమే కొక్కెంలా వంచిన ఒక ఇనుప చువ్వ ఉండేది.

టైర్లు: నాలుగూ ఒకే సైజు, ఒకే గాలి ఉండాలి. ఒక పక్క ముందు వెనక చక్రాలను లోపల గొలుసులు కలిపి తిప్పుతాయి. ఒకటి కొత్తది, ఒకటి అరిగింది అయితే రెండూ ఒకే దూరం పోవు, మిగతా తేడాను గొలుసూ రబ్బరూ భరించాలి. నట్లు వదులయ్యాయేమో చేత్తో కాదు, పానాతో చూడాలి. చెక్కపెట్టెల మేకులు మన బజారులో ఎక్కడ చూసినా ఉంటాయి కాబట్టి టైరు పక్క గోడల్ని కూడా చూడాలి.

గ్రీజు గురించి ఒక్క మాటే. చేతుల కీళ్ళు, సిలిండర్ల పిన్నులు, బకెట్ పట్టుకునే చోటు, వీటన్నిటికీ రోజూ, అంటే 8 నుంచి 10 పని గంటలకొకసారి కొట్టాలి. గన్ పెట్టే ముందు నిపిల్‌ను గుడ్డతో తుడవాలి. లేకపోతే గ్రీజుతో పాటు ఇసుకను కూడా మనమే లోపలికి ఎక్కిస్తాం.

బకెట్ పట్టుకునే చోటు అన్నాను కదా. అక్కడ రెండు లివర్లు ఉంటాయి. అవి పూర్తిగా కిందికి పడితే, కింద రెండు ఇనుప మేకుల్లాంటివి బకెట్ రంధ్రాల్లోంచి బయటికి కనిపిస్తాయి. లివరు పడింది కదా అని వదిలేయకూడదు. వంగి మేకులు బయటికి వచ్చాయో లేదో కళ్ళతో చూడాలి. రంధ్రంలో మట్టి గట్టిపడి ఉంటే లివరు పడినట్టే ఉంటుంది, మేకు మాత్రం దిగదు. బకెట్ పైకి లేచాక ఊడి పడితే కింద ఎవరుంటారో బేగం బజార్‌లో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బండిలో డ్రైవరు ముందు నుంచి, బకెట్ మీద అడుగేసి ఎక్కుతాడు. కూర్చున్నాక ఆ రెండు చేతులూ ఆయనకు రెండు పక్కలా, భుజానికి ఆనుకున్నంత దగ్గరగా పైకీ కిందికీ కదులుతాయి. పక్కకు తల బయట పెట్టినా, లేచి ముందుకు వంగినా, కాలు పొరపాటున పెడల్‌కు తగిలినా, కత్తెర మధ్యలో ఉన్నట్టే. అమెరికాలో కార్మికుల భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియాష్ 1998లో ఈ బండ్ల మీదే ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పత్రం తెచ్చింది. అందులో ముఖ్యంగా చెప్పిన మరణాలు ఈ రకమే: బకెట్‌కో చేతులకో, బండి చట్రానికీ మధ్య నలగడం.

దీన్ని ఆపడానికే సీటు ముందు ఒక అడ్డు బార్ ఉంటుంది. అది దించితేనే చేతులు కదులుతాయి. చాలా మోడళ్ళలో సీటులో మనిషి ఉన్నాడో లేడో చూసే స్విచ్చు కూడా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇది ఒక అండ్ గేటు: మనిషి కూర్చున్నాడు, బార్ దిగింది, రెండూ నిజమైతేనే అవుట్‌పుట్టు. రోజూ పొద్దున దీన్ని పరీక్షించాలి. ఖాళీ జాగాలో, చేతులు దించే ఉంచి, ఇంజిను ఆన్ చేసి, కూర్చునే బార్ పైకెత్తి కంట్రోళ్ళు కదపాలి. ఏదీ కదలకూడదు. కదిలితే ఆ రోజు పని లేదు, మెకానిక్కును పిలవాలి.

ఆయన అంతకుముందు చేసిన చోట ఒక కాంట్రాక్టరు ఈ సీటు స్విచ్చుకు వైరు కలిపేశాడట. వానాకాలంలో సీటు తడిసి స్విచ్చు పనిచేయక బండి మాటిమాటికీ ఆగిపోయేది, గంటకింత అని కిరాయి, అందుకని. అంటే అండ్ గేటులో ఒక ఇన్‌పుట్టును ఎప్పటికీ నిజం అని రాసేశారు. మనం కోడ్‌లో ఎర్రర్ ఇస్తున్న లైన్‌ను కామెంట్ చేసి సబ్మిట్ చేస్తాం చూడండి, అలా. బార్ కూడా వదులైపోయి సగంలోనే పనిచేసేది. ఒకరోజు ముందు చక్రం కింద ఏదో ఇరుక్కుందని ఆయన సీట్లోంచి లేచి వంగి చూశాడు. మోకాలు పెడల్‌కు తగిలింది. చేతులు దిగాయి. తల వెనక్కి తీసుకున్నాడు, టోపీ మాత్రం పోయింది. "టోపీ రొట్టె లెక్క అయింది తమ్మీ," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నెల జీతం అడక్కుండానే ఆ పని మానేశాడట.

చేతులు ఎత్తి వాటి కింద పని చేయాల్సి వస్తే, సిలిండరుకు అడ్డంగా పెట్టే ఇనుప ఆపు బండితోనే ఇస్తారు. అది పెట్టకుండా కిందికి పోకూడదు. నూనె ఒత్తిడి మోస్తోంది కదా అంటే, పైపు పగిలితే ఆ మోసేది ఏదీ ఉండదు.

బరువు లెక్క మీకు నచ్చుతుంది. ముందు బరువు పెంచుకుంటూ పోతే ఒక దగ్గర వెనక చక్రాలు లేస్తాయి. ఆ బరువులో సగమే ఈ చక్రాల బండి మోయాలని ప్రమాణం. చిన్న బండికి అది సుమారు 600 కిలోలు అనుకుందాం. బకెట్ 0.4 ఘనపు మీటర్లు. పొడి చెత్త నింపితే 150 కిలోలు కూడా రాకపోవచ్చు. అదే బకెట్ నిండా నాలాలో తీసిన తడి మట్టి నింపితే, ఘనపు మీటరుకు 1,800 కిలోల చొప్పున 720 కిలోలు. బకెట్ అదే, కంటికి నిండుదనమూ అదే, బండి మాత్రం హద్దు దాటింది. కాబట్టి తడి మట్టికి బకెట్ నింపకూడదు, నడిచేటప్పుడు నేలకు దగ్గరగా పెట్టుకోవాలి. వాలు మీద బరువైన వైపు ఎప్పుడూ పైకి ఉండాలి. ఖాళీ బండికి వెనక బరువెక్కువ కాబట్టి వెనక్కి నడుపుతూ ఎక్కాలి, నిండు బండి ముందుకు నడుపుతూ ఎక్కాలి. నాకు ఇది రెండుసార్లు చెప్పించుకుంటే గానీ ఎక్కలేదు.

బండి చుట్టూ చూశాక దారి చూడాలి. పైన కేబుళ్ళు చిక్కులు చిక్కులుగా ఎక్కడ కిందికి వేలాడుతున్నాయి, చేతులు పూర్తిగా ఎత్తితే తగులుతాయా. కింద నాలా పలకలు, మ్యాన్‌హోల్ మూతలు. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. 2022 డిసెంబరులో పక్కనే గోషామహల్ చాక్నావాడిలో, వారపు సంత జరుగుతుండగానే నాలా మీది రోడ్డు కుంగిపోయి తోపుడు బండ్లు, వాహనాలు లోపల పడ్డాయి. అక్కడ ఆ రోజు ఉన్నది కూరగాయల బండ్లు, కార్లు, బైకులు. రెండు టన్నుల లోడరు, దాని మీద ఇంకో అరటన్ను రాళ్ళు, ఏ పలక మీద నిలబడుతుందో ముందే నడిచి చూసుకోవాలి. ఆయన తెలియని సందులోకి పోయే ముందు దిగి నడిచి, అక్కడి చాయ్ దుకాణం వాళ్ళను నాలా ఎక్కడ పోతుందని అడిగేవాడు.

నూనె మార్చడం కిలోమీటర్లతో కాదు, గంటలతో. డ్యాష్‌బోర్డు మీద గంటల మీటరు ఉంటుంది. మోడల్‌ను బట్టి ఇంజిన్ ఆయిలు 250 లేదా 500 గంటలకు మార్చాలి. 250 గంటలు అంటే రోజుకు 8 గంటల చొప్పున నెల రోజులు. కారు గంటకు 40 కిలోమీటర్లు పోతే 250 గంటల్లో 10,000 కిలోమీటర్లు అవుతుంది, అంటే లెక్క ఒకటే. బండి ఉన్నచోటే ఉన్నా ఇంజిను ప్రయాణం చేస్తూనే ఉంది.

నేను చేసిన పని చిన్నది. మాన్యువల్‌లోని రోజువారీ పట్టికను ఒక్క పేజీ తెలుగులోకి తెచ్చాను. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, నా ఒత్తులు మా పెదనాన్న దిద్దాడు. "తనిఖీ చేయవలెను" లాంటి మాటలు పెట్టలేదు, చూడు, నొక్కు, తుడువు, ఆగు అని రాశాను. అన్నిటికంటే కష్టమైంది ఇంటర్‌లాక్ అనే మాట. నిఘంటువులో వెతికితే వచ్చినవి పలకడానికే భయమేశాయి. ఆయన్నే అడిగాను. "బార్ లేపితే బండి సావాలె. అట్లనే రాయి," అన్నాడు. అలాగే రాశాను. ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, క్యాబిన్‌లో కుడి పక్క అతికించాడు. పక్క సందు పనికి వచ్చిన ఇంకో ఆపరేటరు చూసి ఫొటో తీసుకున్నాడు, ఆయనకు తెలుగు చదవడం రాదు, ఉర్దూలో కావాలన్నాడు. మన కాలేజీలో ఉర్దూ బాగా రాసేవాళ్ళెవరైనా ఉంటే నాకు చెప్పండి, పేజీ సిద్ధంగా ఉంది.

సాయంత్రం పని రెండు నిమిషాలు. చేతులు దించి, బకెట్ నేలకు ఆనించి, బ్రేకు వేసి, ఇంజిను ఆపి, కంట్రోళ్ళు ఒకసారి కదిపి పైపుల్లో మిగిలిన ఒత్తిడి వదిలేయాలి. డీజిల్ ట్యాంకు రాత్రే నింపాలి, ఖాళీగా వదిలితే లోపలి గాలిలోని తేమ నీళ్ళయి అడుగున చేరుతుంది. తాళం చెవి తీసుకోవాలి, బజారులో పిల్లలు ఎక్కి ఆడుకుంటారు. తర్వాత కింద అట్టముక్క పరచాలి.